మీ ఇష్టం సార్

ప్రజలతో సంప్రదింపులంటే సర్కారుకు ముందు గుర్తొచ్చేది ఫ్లెక్సీ. నాచారం కమ్యూనిటీ హాలులో కట్టిన దాని మీద మంత్రిగారి నవ్వు గజం పొడుగుంది. దివ్యాంగులన్న మాట జానెడుంది. వేదిక మీది పెద్దలకు కూలర్ పెట్టారు. కింద కూర్చున్న తల్లిదండ్రులకు ఆ కూలర్ చప్పుడు మాత్రం వస్తోంది.

మరియమ్మ చివరి వరసలో కొడుకును గోడవైపు కూర్చోబెట్టుకుంది. బెన్నీకి ఇరవై ఆరేళ్ళు. గడ్డం ఇప్పటికీ తల్లే గీస్తుంది. కొత్త చోటికి తెస్తే వాడు చొక్కా అంచును వేళ్ళతో మడుస్తాడు, మడత వంకర పోతే విప్పి మళ్ళీ మడుస్తాడు. హాలు వెనక సందులో ఉన్న సర్కారు పగటి సంరక్షణ కేంద్రంలో వాడి పని కూడా అదే, మందుల షాపులకు కాగితం కవర్లు మడవటం. పొద్దున వాడిని అక్కడ దింపి, మరియమ్మ ఇండస్ట్రియల్ ఏరియాలోని మందు గోలీల కంపెనీకి వెళ్తుంది. సాయంత్రం వచ్చి తీసుకుపోతుంది. ఇవాళ్టి మీటింగ్ ఆ కేంద్రం గురించే కాబట్టి సూపర్‌వైజర్‌ను బతిమాలుకుని షిఫ్టు మార్చుకుని వచ్చింది.

డిప్యూటీ డైరెక్టర్ ఫణీంద్ర మైకు అందుకున్నాడు. ఆయన కంఠం బాగుంటుంది, ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. "ఇది ఆదేశం కాదు, కేవలం ప్రతిపాదన. మీరంతా ఒప్పుకుంటేనే ముందుకు పోతాం," అని మొదలుపెట్టి ప్రతిపాదన చెప్పాడు. కేంద్రాన్ని ఘట్‌కేసర్ అవతల కట్టిన కొత్త భవనంలోకి మారుస్తారు. ఖాళీ అయిన ఈ భవనంలో పోలీసు శాఖ ఆత్మీయ సహాయ కేంద్రం పెడుతుంది. వృద్ధులూ దివ్యాంగులూ అక్కడికొచ్చి తమ బాధలు చెప్పుకోవచ్చు. అంటే దివ్యాంగులను ఇక్కడినుంచి వెళ్ళగొట్టి, వెళ్ళగొట్టిన బాధ చెప్పుకోవటానికి వాళ్ళను మళ్ళీ ఇక్కడికే రమ్మంటారన్నమాట. హాలులో ఇది ఎవరికీ తట్టలేదని కాదు. మైకు ఫణీంద్ర చేతిలో ఉంది.

ఆ బాధలు వినబోయే ఏసీపీ ఉమామహేశ్వర్ పక్కనే కూర్చున్నాడు. నిస్సహాయులతో ఎలా మాట్లాడాలో నేర్చుకు రమ్మని సర్కారు ఆయన్ను ఏదో చలిదేశానికి పంపింది. మంచులో నిలబడి అక్కడి పోలీసులతో దిగిన ఫోటోలు తెర మీద వేసి చూపించాడు. ఎదుటి మనిషి మాట్లాడటం ఆపాక మనసులో అయిదు లెక్కపెట్టి, అప్పుడు నోరు విప్పాలని అక్కడ నేర్పారట. "వినుడు గూడ ఒక విద్యే," అన్నాడాయన. ఈ దేశంలో తల్లులందరికీ వచ్చిన విద్య విమానమెక్కి తెచ్చుకున్నందుకు అందరూ చప్పట్లు కొట్టారు.

ఫణీంద్ర మైకు పట్టుకుని కిందికి దిగాడు. వెనకే వీడియో తీసే మనిషి. మొదట శారద దగ్గర ఆగాడు. ఆమెది హబ్సిగూడ, భర్త శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరయ్యాడు. కూతురు సిరి, కేంద్రం మొదలైనప్పటినుంచీ అక్కడే ఉంది.

"మీరేమంటారమ్మా?"

"మార్చాలని ముందే నిర్ణయించుకున్నాక ఇంకా మేం అనేదేముందండీ? మీ ఇష్టం," అని శారద మొహం పక్కకు తిప్పుకుంది.

"థాంక్యూ అమ్మా," అన్నాడు ఫణీంద్ర.

మైకు వరసలు దాటుకుంటూ వచ్చింది. ప్రతి వరసలోనూ అదే మాట. ఒకాయన చేతులు కట్టుకుని అన్నాడు, ఒకామె నేల చూసి అంది. మరియమ్మ లేచి నిలబడింది. చెప్పాల్సింది ఇంట్లోంచి బయల్దేరినప్పటినుంచీ మనసులో వల్లె వేసుకుంటూనే ఉంది.

"సార్, మా పిలగాడు కొత్త జాగల ఉండడు సార్. ఈడికైతే నేను నడిసి..."

"అవన్నీ మేం చూసుకుంటామమ్మా. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. ఒక్క ముక్కలో చెప్పండి."

వీడియో లైటు కళ్ళలో పడింది. బెన్నీ చొక్కా మడవటం ఆపి ఆ లైటుకు చెయ్యి అడ్డం పెట్టుకుని మూలిగాడు. వాడు అరవకముందే కూర్చోవాలి.

"మీ ఇష్టం సార్," అంది మరియమ్మ.

ఫణీంద్ర మైకు పైకెత్తి, "ఏకగ్రీవం," అన్నాడు. వేదిక మీద అందరూ చప్పట్లు కొట్టారు. ఏసీపీ కూడా కొట్టాడు. తర్వాత సమోసాలు పంచారు.

పదిహేను రోజుల తర్వాత ఒక సాయంత్రం మరియమ్మ వెళ్ళేసరికి కేంద్రంలో పిల్లలు కవర్లకు మైదా బంక పూసి ఆరబెడుతున్నారు. పిల్లలని పిలవటమే గానీ అందులో నెరిసిన తలలు కూడా ఉన్నాయి. టీచరు ధనశ్రీ ఫోనులో ఏదో చదువుతూ గుమ్మంలో నిలబడి ఉంది.

"మన సంగతి అసెంబ్లీల వచ్చింది, మరియమ్మ. ఒక ఎమ్మెల్యే అడిగిండు. సదువుతా ఇను. 'కేంద్రం తరలింపు విషయమై సంబంధిత కుటుంబాలను సంప్రదించడం జరిగిందా?' సర్కారు జవాబు, 'అవునండి, అందరూ అంగీకరించారు.' రెండోది, 'లేనిచో కారణములేవి?' దానికి, 'ప్రశ్న ఉత్పన్నం కాదు.' మూడోది, 'పోలీసు అధికారుల విదేశీ శిక్షణ వలన ఈ కుటుంబాలకు ఇంతవరకు కలిగిన ప్రయోజనమేమి?' దానికి గూడ అదే. ప్రశ్న ఉత్పన్నం కాదు."

"ఉత్పన్నం కాదంటే ఏంది మేడం?"

"అంటే... అసలు ఆ ప్రశ్నే పుట్టదని."

మరియమ్మ లోపలికి చూసింది. బెన్నీ కిటికీ దగ్గర తన చోట్లో కూర్చుని కవరు మూతిని గోటితో గీస్తున్నాడు.

"ఎట్ల పుట్టదు మేడం? ఆడ పుట్టి కూసున్నడు గద," అంది.

ధనశ్రీ నవ్వబోయి మానుకుంది. తన కాంట్రాక్టు కూడా ఈ ఫణీంద్ర చేతిలోనే ఉంది. "నేను ఏమన్న అంటే నా నౌకరీ పోతది. మీరన్న పోయి అడుగున్రి," అంది గొంతు తగ్గించి.

కంపెనీలో మరియమ్మది ప్యాకింగ్ సెక్షను. బెల్టు మీద గోలీల స్ట్రిప్పులు వరసగా వస్తుంటే, గోలీ పడకుండా రేకు అతుక్కుపోయిన స్ట్రిప్పును ఏరి పక్కన పడేయాలి. మర్నాడు ఏరుతూ ఫణీంద్రను తలుచుకుంది. రేకు తళతళ మెరుస్తుంది, పేరూ తేదీ అన్నీ అచ్చయి ఉంటాయి, నొక్కితే లోపల ఏమీ ఉండదు. అలాంటిదాన్ని ఇక్కడ డబ్బాలో పడేస్తారు. సర్కారులో ప్రమోషన్ ఇస్తారు.

అంత కోపంలోనూ సాయంత్రం ఆమె కాళ్ళు ఉప్పల్ రోడ్డు మీది హార్డ్‌వేర్ షాపుకే దారి తీశాయి. బెన్నీ చెయ్యి పట్టుకునే మెట్లెక్కింది.

"తలుపుకు గొళ్ళెం కావాలె. బయట దిక్కు బిగించేటిది."

"బాత్రూమ్‌కా అక్కా?"

"కాదు. అర్రకు."

షాపాయన రెండు మూడు రకాలు గల్లా మీద పెట్టాడు. మరియమ్మ ఒక్కోటి లాగి చూసింది. ఒకటి తేలిగ్గా ఉంది. బెన్నీ చూడటానికి మెత్తగా ఉంటాడు గానీ, లోపలేస్తే భుజంతో గుద్దుతాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంట్లో ద్వారబంధానికి పాత గొళ్ళెం మేకుల రంధ్రాలు ఇంకా ఉన్నాయి. కేంద్రంలో చేర్చుకున్న వారమే ఆ గొళ్ళెం ఊడబెరికి, రంధ్రాలను సబ్బుతో పూడ్చింది. ఘట్‌కేసర్ అవతలికి రెండు బస్సులు మారాలి. రద్దీ బస్సంటే వీడు నేల మీద పడి దొర్లుతాడు. అంత దూరం దింపి వచ్చి, షిఫ్టు చేసి, మళ్ళీ పోయి తెచ్చుకోవటం అయ్యేపని కాదు. పని మానేస్తే ఇద్దరూ తినేదేమిటి? కన్నకొడుకును పొద్దస్తమానం గదిలో పెట్టి గొళ్ళెం వేయాలి. ఇంకో దారి లేదు.

బెన్నీ ఒక గొళ్ళెం తీసుకుని ముందుకీ వెనక్కీ లాగుతున్నాడు. ఆ చప్పుడు వాడికి నచ్చినట్టుంది, నవ్వాడు. మరియమ్మ ఏదీ కొనకుండా వాడిని లాక్కుని బయటికొచ్చింది. మెట్రో స్టేషన్ కింద నడుస్తున్నంతసేపూ ఏడ్చింది. ఏడుస్తున్నందుకు తనను తానే తిట్టుకుంది.

తెల్లారి శారదకు ఫోన్ చేసి, ఆమెను వెంటబెట్టుకుని ఫణీంద్ర ఆఫీసుకు వెళ్ళింది. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. గోడ మీద 'ప్రజలే మా దేవుళ్ళు' అని రాసి ఉంది. దేవుళ్ళను గుమ్మం బయట కూర్చోబెట్టటం మనకు కొత్తేమీ కాదు.

లోపలికి పిలిచాక ఫణీంద్ర ఆప్యాయంగానే మాట్లాడాడు. "చెప్పండమ్మా."

"సార్, మేము ఒప్పుకున్నమని అసెంబ్లీల చెప్పిన్రంట. మేము ఒప్పుకోలే సార్."

"మీరే కదమ్మా అన్నారు. వీడియో ఉంది, చూపించమంటారా?"

"ఒప్పుకున్ననని అనలే సార్. మీ ఇష్టమన్న."

"మరి మా ఇష్టం అదే కదా," అన్నాడు ఫణీంద్ర. ఆ మాటలో ఆయనకు వంక కనిపించలేదు.

శారద కళ్ళజోడు సర్దుకుంది. "ఫణీంద్రగారూ, మీరు స్నేహితులతో టూరుకి వెళ్తానంటే ఇంట్లో ఆవిడ 'మీ ఇష్టమండీ' అందనుకోండి. వెళ్తారా, ఆగుతారా?"

పక్క టేబులు దగ్గర టైపు చేస్తున్నాయన వేళ్ళు ఆగిపోయాయి. ఫణీంద్ర కూడా నవ్వాడు. పెళ్ళయిన ఏ తెలుగువాడికైనా ఆ మాట వింటే వెన్నులో చలి పుడుతుంది. ఆ మాట విని టూరుకు పోయినవాడు తిరిగొచ్చాక నెల్లాళ్ళు చల్లన్నం తింటాడు.

"అది ఇల్లమ్మా. ఇది ప్రభుత్వం," అన్నాడాయన నవ్వు ఆపి. "ఇక్కడ మాటకు ఏ అర్థముంటే అదే తీసుకుంటాం. శుక్రవారం విదేశీ మేడం వస్తున్నారు. మన ఏసీపీగారికి అక్కడ ట్రైనింగ్ ఇచ్చింది ఆవిడే. సంప్రదింపులు ఎంత బాగా జరిగాయో చూసి, ఈ సహాయ కేంద్రాన్ని పది ఊళ్ళకు ఆదర్శమని రాస్తారు. మీరిద్దరూ ఉండండి. ఏమన్నారని అడిగితే ఆరోజు అన్న మాటే చెప్పండి."

"అదే మాటనా సార్?"

"అదే మాట. ఒక్క అక్షరం ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

బయటికొచ్చాక శారద ఆటో కోసం చెయ్యి ఊపుతూ, "వీడికి తెలుగు రాక కాదు మరియమ్మా. తనకు కావాల్సినంతే వస్తుంది," అంది.

శుక్రవారం కేంద్రానికి కొత్త సున్నం వేశారు. పోయేవాళ్ళ ఇంటికి సున్నం ఎందుకని ఎవరూ అడగలేదు. గుమ్మం పక్కన 'ఆత్మీయ సహాయ కేంద్రం' బోర్డు అప్పుడే వచ్చి గోడకు ఆనించి ఉంది. మరియమ్మ ఈసారి షిఫ్టు మార్చుకోలేదు, మానేసింది.

విదేశీ మేడం పొడుగ్గా ఉంది, జుట్టు నెరిసింది. పూలగుత్తి తీసుకుని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుంది. నేరుగా బెన్నీ పక్కన చిన్న స్టూలు మీద కూర్చుంది. వాడు ఆమె వైపు చూడలేదు. ఒక కాగితం ఆమె ముందుకు తోసి, ఎక్కడ మడవాలో వేలితో గీత గీసి చూపించాడు. ఆమె మడిచింది. వంకరపోయింది. వాడు విప్పి మళ్ళీ ఆమె చేతికిచ్చాడు.

ఫణీంద్ర తల్లిదండ్రులను అర్ధచంద్రాకారంలో నిలబెట్టాడు. ఏసీపీ ఉమామహేశ్వర్ యూనిఫాంలో గోడ పక్కన నిలబడ్డాడు. తన గురువు ముందు ఆయన నిలుచున్న తీరు, ఇన్‌స్పెక్షన్ రోజు క్లాసులీడర్ నిలుచున్నట్టే ఉంది. మేడం ఏదో అడిగింది. ఫణీంద్ర తెలుగులో, "మీటింగ్‌లో మీరేమన్నారని అడుగుతున్నారు. చెప్పమ్మా," అన్నాడు మరియమ్మతో.

మరియమ్మ చెమట పట్టిన చేతులు కొంగుకు తుడుచుకుంది. "మీ ఇష్టం సార్ అన్న."

ఫణీంద్ర మేడం వైపు తిరిగి, ఈ తల్లి మనస్ఫూర్తిగా ఒప్పుకుందని తేట ఇంగ్లీషులో చెప్పాడు. శారదకు ఇంగ్లీషు వచ్చు. ఆమె నోరు తెరిచింది. అంతకన్నా ముందు గోడ దగ్గరనుంచి ఏసీపీ గొంతు వినిపించింది.

"ఆమె అట్ల అనలేదు," అన్నాడాయన ఇంగ్లీషులో.

ఫణీంద్ర వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు. ఏసీపీ అటు చూడలేదు. ఆయన ఎందుకు నోరు విప్పాడంటే గొప్ప కారణమేమీ ఉండకపోవచ్చు. పాఠం చెప్పిన మనిషి ఎదురుగా తప్పు జవాబు వినిపిస్తే ఊరుకోలేకపోయాడేమో. మనుషుల్లో మంచితనం చాలాసార్లు ఇంత చిన్న సందులోంచే బయటికొస్తుంది. ఏ సందులోంచి వస్తేనేం, రానివ్వాలి.

"మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి అన్నది," అని ఇంగ్లీషులో విడమరిచాడు.

మేడం కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఎవరి ఇష్టం అని అడిగింది.

"మా ఇష్టం," అన్నాడు ఏసీపీ.

ఆమె ఇంకేం అడగలేదు. ఆయన వైపు చూస్తూ ఊరుకుంది. ఏసీపీ మరియమ్మ ముందుకొచ్చి టోపీ తీశాడు.

"అమ్మా, మా ఇష్టం పక్కకు వెట్టు. నీ ఇష్టమేంది?"

నలభై ఎనిమిదేళ్ళ బతుకులో ఆఫీసర్లకు మరియమ్మ మీ దయ అంది, మీ ఇష్టం అంది, మీరు పెద్దోళ్ళు అంది. ఈ ప్రశ్నకు ఏమనాలో నోటికి అలవాటు లేదు. ఏసీపీ అయిదు దాకా లెక్కపెట్టి ఉంటాడు, ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు. ఫణీంద్ర దగ్గాడు గానీ ఎవరూ ఆయన వైపు చూడలేదు.

"ఒద్దు సార్," అంది.

ఒక్కసారి ఆ మాట బయటికి వచ్చాక వెనకది ఆగలేదు. "ఒద్దు. నా కొడుకు ఈడనే ఉండాలె. గంత దూరమేస్తే నేను పొద్దుగాల ఈన్ని అర్రల వెట్టి గొళ్ళెమేసి పనికి పోవాలె. ఇంతకుముందు గట్లనే వోయేది సార్. నేనొచ్చేసరికి తలుపుకు గుద్ది గుద్ది భుజం కమిలిపోయేది. అండ్లనే ఏరిగి కూసునేటోడు. నేను ఇంక గొళ్ళెం ఎయ్య. నాతోని కాదు."

"మాకూ వద్దండి," అంది శారద. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు, "ఒద్దు సార్," "మాకు గూడ ఒద్దు," అన్నారు. గోల చేయలేదు, క్యూలో నిలబడి పేరు చెప్పినట్టు చెప్పారు.

ఏసీపీ అంతా ఇంగ్లీషులో చెప్పాడు. కమిలిన భుజం సంగతి రెండుసార్లు చెప్పాడు. మేడం పూలగుత్తిని నేల మీద పెట్టి, ఫణీంద్రను చూసి, ఇక్కడ సంప్రదింపులు ఎప్పుడు మొదలవుతాయని మర్యాదగా అడిగింది.

సర్కారు భాషలో ఓడిపోయామన్న మాట లేదు, పెండింగ్ అని ఉంది. తరలింపు ఫైలు పెండింగ్‌లో పడింది. 'అనువాదంలో దొర్లిన స్వల్ప లోపం' వల్ల సంప్రదింపులు మళ్ళీ జరుపుతామని ప్రకటన వచ్చింది. కొత్త బోర్డును ఎవరో వచ్చి ఆటోట్రాలీలో వేసుకుపోయారు. కేంద్రం ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలియదు. ప్రస్తుతానికి ఉంది, బెన్నీ కిటికీ దగ్గర ఉన్నాడు. ఏసీపీని మాత్రం బదిలీ చేశారు. ట్రైనింగ్ అకాడమీలో కొత్తవాళ్ళకు వినటమెలాగో నేర్పాలట. బాధలు చెప్పుకోవటానికి ఎవరూ రాని చోటు వెతికి మరీ ఇచ్చారు.

వెళ్ళేముందు ఒక పొద్దున ఆయన మామూలు బట్టల్లో కేంద్రానికొచ్చాడు. మరియమ్మ కొడుకును దింపి చెప్పులేసుకుంటోంది. ఆయన్ను గుర్తుపట్టి ధనశ్రీని అడిగి కుర్చీ తెచ్చి వేసింది, మంచినీళ్ళిచ్చింది.

"పోతున్ననమ్మా, చెప్పిపోదామని వచ్చిన," అన్నాడు. గ్లాసు చేతిలో తిప్పుతూ, "ఆ దినం నేను గట్ల మాట్లాడినందుకే ఈ బదిలీ. అయినా ఫికర్ లేదు. మీకు మేలు జరిగింది, అదే సాలు," అన్నాడు. అని కాసేపు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవటం ఎందుకో మరియమ్మకు అర్థమైంది. ఆమె దండం పెట్టాల్సిన చోటు అది.

ఆమె దండం పెట్టింది. మనిషి చేసిన మేలును ఆమె కాదనలేదు.

"మీరు మాట్లాడకపోతే మాకు దిక్కు లేకుండె సార్. నేను ఒకటి అడుగొచ్చునా?"

"అడుగమ్మా."

"మొదటి మీటింగ్ దినం గూడ మీరు స్టేజి మీద ఉన్నరు గద సార్. అప్పటికే ఆ ట్రైనింగ్ అయిపోయె. నేను అన్నది అదే మాట. ఆ దినం మీకు ఇనవడలేదా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. లోపల బెన్నీ కాగితం మీద గోటితో గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఈసారి ఆయన ఎంతదాకా లెక్కపెట్టాడో తెలియదు.

"ఇనవడ్డదమ్మా," అన్నాడు.

మరియమ్మ తల ఊపింది. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, ఆయన లేచేదాకా ఆగకుండా షిఫ్టుకు బయల్దేరింది.